మావయ్య వంగి చూస్తే

మావయ్య దేంట్లోకైనా వంగి చూశాడంటే ఆయన వస్తువు ఒకటి అందులో పడి తీరుతుంది. నీళ్ళలోకి వంగే మనిషైతే ఫరవాలేదు, చెయ్యి పెట్టి తీసుకుంటాడు. మావయ్య ముప్ఫై ఏళ్ళుగా వంగుతున్నది రెసిన్‌లోకి. పోసేటప్పుడు పల్చటి తేనెలా జారి, మర్నాటికల్లా రాయిలా బిగుసుకుపోయే రసం అది. అందులో పడ్డది ఇక పడ్డట్టే.

ఆయన షెడ్డులో తయారయ్యేవి పలకలు. వంటింటి గట్ల మీదా, బల్లల మీదా, తలుపులకీ, గోడలకీ బిగించుకునే పలకలు. చెక్క చట్రంలో ఒక పొర రసం పోస్తారు. దాని మీద ఎండుటాకులో, గడ్డిపోచలో, గవ్వలో, ఏ పక్షో వదిలేసిన ఈకలో పేరుస్తారు. ఆ పైన ఇంకో పొర, ఇంకో పొర. పూర్తయ్యాక చూస్తే ఒక వానచుక్క బల్లంత పెద్దదై, దారిలో దొరికినవన్నీ కడుపులో దాచుకుని, నేల మీద పడటం మరిచిపోయి ఆగిపోయినట్టు ఉంటుంది.

అంత అందమైన చుక్కలో, ఒక మూల, మావయ్య దువ్వెన ఉంటుంది.

మేనకోడలు ఆ షెడ్డులో చేరి మూడేళ్ళయింది. ఆర్డర్లు రాసుకోవడం, ఫోన్లెత్తడం, మావయ్య తరఫున తిట్లు తినడం ఆమె పని. మొదటి వారంలోనే ఒకావిడ ఫోన్ చేసింది.

"అమ్మా, మీరు పంపిన గడియారం ఆగిపోయింది."

"మేం గడియారాలు చెయ్యమండీ. వంటింటి పలకలు చేస్తాం."

"అదేనమ్మా, ఆ పలకలోదే. ఆకుల మధ్య ఉంది చూడు. రెండేళ్ళు భేషుగ్గా నడిచింది. మా పిల్లలు దాన్ని చూసే బడికెళ్ళేవాళ్ళు. బ్యాటరీ మార్చడానికి ఎవరినైనా పంపిస్తారా?"

మేనకోడలు ఫోన్ పెట్టేసి మావయ్య మణికట్టు వైపు చూసింది. అక్కడ ఏళ్ళ తరబడి గడియారం కట్టుకున్న లేత చార ఇంకా మిగిలి ఉంది.

అత్తయ్య కష్టాలు ఇంకా పెద్దవి. ఒకసారి వీధి తలుపు తాళంచెవి, దానికి కట్టిన చెక్క బిళ్ళతో సహా, దర్జీ బట్టలు కత్తిరించుకునే బల్లలోకి పోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ దర్జీ కొట్టుకి వెళ్ళి బల్ల మీదకి వంగి చూశారు.

"చూశావా, ఎంత స్పష్టంగా కనిపిస్తోందో! దాని పళ్ళు లెక్కపెట్టొచ్చు," అన్నాడు మావయ్య.

"లెక్కపెట్టుకుంటూ కూర్చోండి. ఇంట్లోకి ఎలా పోతామో చెప్పండి ముందు."

"పోదాంలే. కాసేపు ఇక్కడే కూర్చుందాం. బల్ల బాగా వచ్చింది."

ఆ సాయంత్రం అత్తయ్య ఆయన చొక్కా జేబులన్నిటికీ గుండీలు కుట్టింది. పదిరోజులు తిరక్కుండా ఒక పెన్ను మూత పడింది. జేబుల మూతులే కుట్టేసింది. నెల తిరక్కుండా దువ్వెన పడింది. చివరికి జేబుల్లేని చొక్కాలు కుట్టించింది. అప్పుడు చెవి మీది పెన్సిలు ముక్క పడింది.

"చెవి కోసెయ్యమంటారా?" అంది అత్తయ్య.

"రెండోది ఉందిగా," అన్నాడు మావయ్య.

ఇంట్లో అత్తయ్య గొంతు ఎంతో, షెడ్డులో బుడగలక్క గొంతు అంత. పోసిన రసంలో లేచే గాలి బుడగల్ని చంపడం ఆవిడ ఉద్యోగం. చేత్తో పట్టుకునే గ్యాస్ టార్చి వెలిగించి, నీలం మంటని పలక మీదుగా అలా అలా తిప్పుతుంది. మంట వేడికి బుడగలు టప్పు టప్పుమని పేలిపోతాయి. మంట ఎక్కడా ఆగకూడదు. రెప్పపాటు ఆగినా ఆ చోట రసం కమిలి పసుపు మచ్చ పడుతుంది. ఆ సంగతి ఈ పని చేసేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

"పాతికేళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన ఒక్క పలకలో ఒక్క తప్పు చూపించండి. ఈ టార్చి ఇక్కడే పడేసి వెళ్ళిపోతాను," అంటుంది రోజుకోసారి. మావయ్యది ఏదైనా పడ్డ రోజున ఇక చెప్పక్కర్లేదు. "చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు నేను చూసుకుంటే, ఈ అన్నయ్య వచ్చి అందులో చెవి పెన్సిలు పడేశాడు! చేతులా అవి, చిల్లుల జల్లెడా?"

మావయ్య తల దించుకుని వినేవాడు. ఆయన తల ఎలాగూ ఎప్పుడూ దించే ఉంటుంది కాబట్టి సిగ్గుపడుతున్నాడో, నేల మీద ఆకేదైనా కనిపించిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఇలా నవ్వుకుంటూ తిట్టుకుంటూ వెళ్ళిపోతున్న రోజుల్లో లైబ్రరీ ఆర్డరు వచ్చింది. చదువుకునే గదికీ పిల్లల గదికీ మధ్య గోడగా నిలబెట్టడానికి ఆరు పెద్ద పలకలు. మేనకోడలు సొంతంగా మాట్లాడి తెచ్చిన మొదటి ఆర్డరు అది. ఆర్నెల్లుగా షెడ్డులో పని సగానికి సగం పడిపోయి ఉంది. ఇదీ పోతే తలుపులు మూసుకోవాల్సిందే. లైబ్రేరియన్ మాటలు మెత్తగా ఉంటాయి కానీ గీత గీసినట్టు ఉంటాయి.

"ఆకులు కావాలి. గడ్డి కావాలి. ఈకలుంటే ఇంకా సంతోషం. మీ మావయ్యగారు మాత్రం వద్దు. ఆయన వస్తువు ఒక్కటి కనిపించినా ఆరూ వెనక్కి పంపిస్తాను."

మేనకోడలు ఆ మాట మావయ్యకి చెప్పి, కళ్ళలోకి చూడకుండా ఇంకో మాట కూడా చెప్పింది. "ఈ ఆరూ అయ్యేదాకా రసం పోసే పోతగదిలోకి నువ్వు రావద్దు మావయ్యా."

మావయ్య చేతిలోని ఆకు కింద పెట్టాడు. "చూడకుండా ఎలాగే? ఆకుని లోపలికి పంపి నేను బయట నిలబడనా?"

"తలుపుకి అద్దం ఉందిగా. అందులోంచి చూడు."

"నేనేం అన్ని పడేశానని? రెండో మూడో."

"రెండో మూడోనా? సరే, అన్నీ ఫోటోలు తీసుకొచ్చి చూపిస్తాను. పది దాటితే బయటే ఉంటావా?"

"ఉంటాను. దాటవులే."

అలా మొదలైంది ఆమె తిరుగుడు. పాత ఆర్డర్ల పుస్తకం చంకలో పెట్టుకుని ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అక్కడి కౌంటరు పలకలో, గడ్డిపూల మధ్య, మావయ్య నల్ల కళ్ళజోడు వెల్లకిలా పడుకుని ఉంది. పై నుంచి ఫోటో తీస్తే ట్యూబులైటు మెరుపు తప్ప ఏమీ రావడం లేదు. కింద దీపం పెట్టుకోవడానికి వదిలిన ఖాళీలోకి దూరి, ఫోన్ వెలుగు పైకి కొట్టి చూసింది.

కళ్ళజోడు నల్లటి అద్దం కింద, వేలి గోరంత, పల్చటి టీ చుక్కలాంటి పసుపు మచ్చ.

"ఏమ్మా, కౌంటరుకి పన్ను నొప్పా?" డాక్టరు పైనుంచి వంగి అడిగాడు.

"పాత మచ్చండీ. ఇప్పుడే కనిపించింది," అని ఆమె దుమ్ము దులుపుకుని లేచింది. ఒక మచ్చ అయితే మరిచిపోయేదే. కానీ లోపల ఏదో చిన్న పురుగు తొలవడం మొదలుపెట్టింది. కుట్టేసిన జేబులోంచి దువ్వెన ఎలా పడుతుంది?

దర్జీ బల్ల కింద పడుకుని చూసింది. తాళంచెవి చెక్క బిళ్ళ వెనక పసుపు మచ్చ. "బల్ల కింద ఏం కొలతలు తీసుకుంటున్నావు తల్లీ?" అన్నాడు దర్జీ. ఒక ఇంటి మధ్యగది తలుపు వెనక దీపం పెట్టి చూసింది. దువ్వెన వెనక పసుపు మచ్చ. నాలుగు రోజుల్లో ఊళ్ళో సగం బల్లల కింద పాకింది. గోడలకి అతికించేసినవి వదిలేస్తే, చూసిన ప్రతి వస్తువు వెనకా మచ్చ ఉంది.

ఇంకో సంగతి కూడా ఆమె చూసింది. మచ్చ పడ్డ చోటల్లా, పక్కనే, ఆ పలక మొత్తంలో అన్నిటికన్నా అందమైనది ఒకటి ఉంది. ఒక చోట, కండంతా రాలిపోయి ఈనెలు మాత్రమే మిగిలి, ఊపిరి తగిలితే చెదిరిపోతుందేమో అనిపించే ఆకు. ఇంకో చోట, అంచున నీలం రంగు ఇంకా ఆరని ఈక. మంట అక్కడ ఆగింది. బుడగలక్క కళ్ళు ఆగాయి కాబట్టి చెయ్యి ఆగింది.

ఆమె తిరిగొచ్చేసరికి మావయ్య పెరట్లో కూర్చుని చిన్న బ్రష్షుతో ఆకుల మీది మట్టి తుడుస్తున్నాడు.

"ఎన్ని తేలాయే?"

"పదిహేడు."

"అమ్మో! అయితే నేను బయటే." కాసేపు తుడిచాడు. "పదిహేడా? నిజంగా?"

"మావయ్యా, చూడగలిగిన వాటన్నిటి వెనకా పసుపు మచ్చ ఉంది."

బ్రష్షు ఆగింది. ఆయన షెడ్డు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "గట్టిగా అనకు. లోపలే ఉంది."

"బుడగలక్కకి చెప్పొచ్చుగా?"

"ఏమని? ఆకు బాగుంటే ఆగొద్దనా? ఒకసారి చెప్పబోయాను. సగం మాటకే మొహం చిన్నబోయింది. ఆ వారమంతా టార్చిని జానెడు ఎత్తున పట్టుకుంది, పాపం. చెయ్యి వణికిపోయింది. ఎక్కడి బుడగలు అక్కడే. దానికంటే నా దువ్వెన పోవడం నయం కాదూ?"

"అందరూ నిన్ను చూసి నవ్వుతున్నారు కదా."

"నవ్వనీ. నవ్వడానికైనా వంగి చూస్తారుగా. వంగితే పక్కనున్న ఆకు కూడా కనిపిస్తుంది." మళ్ళీ బ్రష్షు అందుకున్నాడు. "అత్తతో అనకు. తాళంచెవి సంగతి ఇంకా మరిచిపోలేదు."

మాట ప్రకారం ఆయన బయటే ఉన్నాడు. ఆరు పలకలు పోసినన్ని రోజులూ పోతగది తలుపు అద్దానికి ఆయన ముక్కు చప్పిడిగా అతుక్కుని ఉంది. ఊపిరికి అద్దం మసకబారితే మోచేత్తో తుడుచుకుని మళ్ళీ అతికించేవాడు. అయిదు పలకలు కడిగిన ఆకాశంలా వచ్చాయి. ఆరోదాంట్లో మేనకోడలు ఒక చిన్న ఈక పెట్టింది. బూడిద రంగుదే, కానీ వెలుగు తగిలితే లోపల ఆకుపచ్చ మేలుకునేది. బుడగలక్క టార్చి తిప్పుతూ తిప్పుతూ ఆ ఈక దగ్గరికి వచ్చింది.

"అబ్బ," అంది నెమ్మదిగా.

అంతే. ఒక్క రెప్పపాటు. మంట ముందుకు సాగిపోయాక, ఈక పక్కన గోరంత పసుపు విచ్చుకుంది.

బుడగలక్క చూసుకోలేదు. మేనకోడలు చూసింది. అద్దం అవతల మావయ్యా చూశాడు. ఆయన చేతులు తనకి లేని జేబుల్ని తడుముకున్నాయి. తలుపు పిడి దాకా వెళ్ళాయి. మాట గుర్తొచ్చి ఆగిపోయాయి. ఆయన మేనకోడలి వైపు చూశాడు. అంత పెద్ద మనిషి అంత దిక్కులేని చూపు చూడటం ఆమె ఎప్పుడూ ఎరగదు.

మచ్చ అలాగే వదిలేస్తే పలక వెనక్కి రావచ్చు. బుడగలక్కకి పాతికేళ్ళ మాట పోతుంది. ఏదైనా పడేస్తే ఆరూ వెనక్కి రావచ్చు. షెడ్డే పోతుంది.

ఆమె పలక మీదకి వంగింది. ఆర్డర్లు దిద్దుకునే రబ్బరు, వాడీ వాడీ గులకరాయిలా నున్నబడ్డది, ఆమె వేళ్ళలోంచి జారి సరిగ్గా మచ్చ మీద మునిగింది.

"అయ్యయ్యో!" బుడగలక్క గొంతు రేకుల కప్పుని తాకింది. "ఆయన్ని బయట పెట్టి తలుపేసి నువ్వు చేసిన పని ఇదా! మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది! నెత్తురే చిల్లుల నెత్తురు మీది!"

అద్దం అవతల మావయ్య తల పట్టుకుని, మహా కోపం వచ్చినట్టు వేలు చూపించి బెదిరించాడు. కానీ మూతి అద్దానికి అతుక్కుని ఉండటంతో నవ్వు మొత్తం కనిపించిపోయింది.

లైబ్రరీలో ఆరు పలకలూ నిలబెట్టిన రోజున అందరూ వెళ్ళారు. లైబ్రేరియన్ ఒక్కో పలక ముందూ ఆగుతూ వచ్చింది. ఆరోదాని దగ్గర వంగింది. చాలాసేపు లేవలేదు.

"ఇది రబ్బరు కదూ?" అంది లైబ్రేరియన్. "ఎవరిది?"

మేనకోడలు నోరు తెరిచేలోగా బుడగలక్క ముందుకొచ్చి నిలబడింది.

"నేనే పడేశానండీ. ఆయన ఆ గదిలో అడుగే పెట్టలేదు. ఈ పిల్లకి ఏ పాపం తెలియదు. తప్పంతా నా చేతిది. మిగతా అయిదూ చూడండి, అద్దంలా ఉన్నాయి. నా మొహం చూసి ఉంచుకోండి."



లైబ్రేరియన్ మళ్ళీ వంగింది. "మావయ్యగారిది కాదన్నమాట," అని తనలో తాను అనుకుంది. తర్వాత, "ఈ రబ్బరు లేకపోతే ఈ ఈకని చూసేదాన్ని కాదు. ఎంత బాగుందో! ఉండనివ్వండి," అంది.

వెనక్కి వచ్చేటప్పుడు అందరూ ఆటో ఎక్కారు. బుడగలక్క రోడ్డు వైపు తిరిగి పెద్ద నిట్టూర్పు విడిచింది.

"పాతికేళ్ళు అన్నయ్యా. పాతికేళ్ళలో నా పేరు మీద మొదటి తప్పు."

మావయ్య ఎంతో బాధగా తల ఊపాడు. "పోనీలే చెల్లెమ్మా," అన్నాడు. "ఒక్కటేగా."