దర్జీ చూసే పోటీ

బరువు తగ్గకపోతే గుండెకు ప్రమాదమని డాక్టర్ హెచ్చరించినప్పటి నుంచి దర్జీ టీవీలో బరువు తగ్గే పోటీని ఒక్క రోజూ వదల్లేదు. ముందుగదిలో మిషన్ ఆపి, మెడలో టేపుతో నిలబడి చూస్తాడు. తెరమీద వాళ్ళు పరిగెడుతుంటే ఇతనికి చెమట పడుతుంది. అయిపోగానే తానే పరిగెత్తినట్టు కూలబడి, అన్నం మారు వడ్డించమంటాడు.

చివరి రోజు గెలిచినవాడు ఏడిస్తే దర్జీ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. “చూశావా, పట్టుదల ఉంటే కొండైనా కరుగుతుంది,” అన్నాడు భార్యతో.

“కరిగింది ఆయన కొండ. మీరలా వీధి చివరిదాకా నడిచి రండి.”

దర్జీ చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. “ఉండవే, మళ్ళీ పోటీ ఎప్పుడో చెప్తున్నారు,” అంటూ తిరిగొచ్చి నిలబడ్డాడు.

భార్య వెళ్ళి మిషన్ ముందు కూర్చుని, అతని ప్యాంటు నడుము వదులు చేయడానికి కుట్లు విప్పసాగింది.