మేస్త్రీ చెవి

నీటి సరఫరా కేంద్రంలో గడ్డి కోసే మిషన్లు తొమ్మిది. వాటిని బాగుచేసే మనిషి ఒక్కడే. ఇంట్లోవాళ్ళు తప్ప అందరూ అతన్ని మేస్త్రీ అనే పిలుస్తారు. ట్యాంకుల చుట్టూ ఏటవాలు గట్ల మీద గడ్డి పెరగడం, మిషన్లు మొరాయించడం, మేస్త్రీ వాటి మెడలు వంచడం ఇరవై రెండేళ్ళుగా సాగుతూనే ఉంది.

భుజాన తగిలించుకునే మిషన్ అది. పొడుగాటి గొట్టానికి ఒక కొసన నైలాన్ తీగ గిర్రున తిరుగుతుంటుంది, రెండో కొసన చెంబంత ఇంజను. దానికి విడిగా ఆయిల్ పోసే చోటు ఉండదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే దాని ఒంటికి పట్టాలి. కార్బురేటర్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. బిగిస్తే లోపలికి పోయే పెట్రోలు తగ్గుతుంది, దాంతోపాటే ఆయిలూ తగ్గుతుంది. వదులు చేస్తే గొంతుకి కఫం అడ్డుపడ్డట్టు ఇంజను గురగురమంటుంది. బిగించేకొద్దీ గొంతు తేటపడి సన్నగా కూత మొదలవుతుంది. ఆ కూత అందగానే ఆగి, స్క్రూని కాస్త వెనక్కి తిప్పాలి. ఆ కాస్త ఎంతో మేస్త్రీ చెవికి తెలుసు.

మూడో గట్టు మీద మిషన్ మోగుతుంటే షెడ్డులో కూర్చుని టీ తాగుతూ, "దాని ఫిల్టర్ మట్టి కొట్టుకుపోయింది, ఆపమనండి" అనేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే ఫిల్టర్ నిండా మట్టి ఉండేది.

రెండేళ్ళ నుంచి ఆ చెవి తప్పుతోంది. మొదట ఇంట్లో కుక్కర్ విజిల్ చెడిపోయిందనుకుని విప్పి శుభ్రం చేశాడు. భార్య నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"దానికేమైంది? నాలుగు కూతలు కూసింది. గోడ అవతల పక్కింటావిడ కూడా లెక్కపెట్టుకుంది."

"నేను ఏదో ఆలోచనలో ఉన్నానులే."

"పిలిస్తే పలకవు. తిడితే మాత్రం ఎంత మెల్లగా తిట్టినా వినిపిస్తుంది."

అతను నవ్వేసి ఊరుకున్నాడు. సన్నటి శబ్దాలు ఒక్కొక్కటే జారుకుంటున్నాయని అతనికి తెలుసు. షెడ్డులో ఆ సంగతి పొక్కనివ్వలేదు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి అదురు చూసుకునేవాడు, కూతకి చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చిట్లుతున్నాయేమో చూసుకునేవాడు. ఇరవై ఏళ్ళు చేసిన పని చేతికే తెలుస్తుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

వానలు తగ్గుముఖం పట్టి గడ్డి మోకాళ్ళ పైకి లేచిన వారం, భార్య చెల్లెలు మిషన్ మోసుకుని షెడ్డుకు వచ్చింది. ఆమె కూడా అక్కడే గడ్డి కోస్తుంది. మొహమంతా కప్పే కళ్ళద్దాలు పెట్టుకుంటుంది కాబట్టి అందరూ తూనీగ అంటారు. మొగుడు పోయాక ఇద్దరు పిల్లలనీ, మంచంలో ఉన్న అత్తనీ ఆ పని మీదే ఈడ్చుకొస్తోంది.

"బావా, నీ ముద్దుల కూతురు అలిగింది. కదలనంటోంది."

"నీ మొహం చూసే అలిగి ఉంటుంది."

"నా మొహం కనబడకుండానే కదా ఈ కళ్ళద్దాలు!"

మేస్త్రీ స్టార్టర్ తాడు లాగాడు. బండరాయిని లాగినట్టుంది. పిస్టన్ పట్టేసింది.

సూపర్‌వైజర్ వచ్చి ఓసారి చూశాడు. "నెలలో ఇది రెండోది. పోయినసారి ఆ పొడుగాయన, ఇప్పుడు నువ్వు. ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోల్ పోస్తారు, మిషన్ మాడ్చి తెస్తారు. ఆయన్ని పంపినట్టే నిన్నూ పంపుతా. సోమవారం నుంచి రానక్కర్లేదు."

"కలిపాను సార్! నా పిల్లల మీద ఒట్టు. బావా, నువ్వైనా చెప్పు."

మేస్త్రీ నీళ్ళు నమిలాడు. "విప్పి చూస్తేగానీ..." అన్నాడు.

అందరూ వెళ్ళాక విప్పాడు. సైలెన్సర్ తీసి, సిలిండర్ పైకి లేపాడు. పిస్టన్‌కి సైలెన్సర్ వైపు మాత్రమే నిలువునా గీతలు పడ్డాయి. రెండో వైపు నున్నగా మెరుస్తోంది. ఉత్త పెట్రోల్ పోస్తే చుట్టూ గీసుకుపోవాలి, కింద బేరింగ్ ఎండిపోవాలి. బేరింగ్ మీద వేలు పెట్టి చూశాడు. వేలికి జిడ్డుగా ఆయిల్ అంటింది. ఆమె కలిపింది. స్పార్క్ ప్లగ్ కొస సున్నంలా తెల్లగా ఉంది. ఇంజనుకి పెట్రోల్ చాలలేదు. స్క్రూని చుట్లు లెక్కపెడుతూ పూర్తిగా మూసి చూశాడు. ఒకటింపావు చుట్లు తెరిచి ఉండాల్సింది, అర చుట్టే ఉంది. పది రోజుల కింద దాన్ని బిగించింది తనే.

మూల గోనె కింద పొడుగాయన మిషన్ అలాగే పడి ఉంది. అప్పుడు సూపర్‌వైజర్ ఆయిల్ లేదంటే తను విప్పకుండానే తలూపాడు. ఇప్పుడు దాన్నీ విప్పాడు. దానిదీ అదే కథ. ఒక వైపే గీతలు, అడుగున ఆయిల్ తడి. ఆ రెండు పిస్టన్లూ తుడిచి పాతగుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాడు.

ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పాడు. ఆమె చేతిలో పని ఆపలేదు. అతనికి వినబడేంత గట్టిగానే మాట్లాడింది. ఇన్నాళ్ళూ ఆమె అలాగే మాట్లాడుతోందని అతను అప్పుడే గమనించాడు.

"నీకు చెవి పోయిందని నాకు తెలియదనుకున్నావా? ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

"చెప్తే నా పని పోతుంది."

"చెప్పకపోతే నా చెల్లెలిది పోతుంది. నీకు నేనున్నాను. దానికెవరున్నారు?"

"పొడుగాయనకి?"



మర్నాడు పొద్దున్నే షెడ్డులో అందరి ముందూ చెప్పాడు. సూపర్‌వైజర్ నవ్వాడు.

"మరదలిని వెనకేసుకొస్తున్నావా మేస్త్రీ? నీ చెవి తప్పిందంటే ఎవరు నమ్ముతారు?"

"పిస్టన్ చూడండి సార్."

"నాకేం తెలుస్తుందయ్యా? నువ్వు ఎలా చెప్తే అలా. సరే, ఆ ఐదో నంబరు తీసుకో. స్క్రూ నేనే తప్పిస్తా. నువ్వు మళ్ళీ పెట్టు, చూద్దాం."

సూపర్‌వైజర్ స్క్రూని వదులుగా తిప్పేశాడు. మేస్త్రీ మిషన్ స్టార్ట్ చేసి కాసేపు వేడెక్కనిచ్చి, రేస్ పూర్తిగా ఇచ్చాడు. కావాలని తప్పు చేసే ఉద్దేశం అతనికి లేదు. నిజం చెప్పాలంటే, చెవి మళ్ళీ అందుకుంటుందేమో, తనే పొరపాటు పడ్డాడేమో అన్న ఆశ లోపల మిణుకుమిణుకుమంటోంది. ఎవరి మొహాలూ చూడకూడదని తల వంచుకున్నాడు. ఇంజను మీద చెయ్యి కూడా ఆనించలేదు.

గురగుర వినబడింది. కొద్దిగా బిగించాడు. ఇంకా బరువుగానే ఉంది, బావిలోంచి వస్తున్నట్టు. ఇంకొంచెం బిగించాడు. కూత కోసం ఎదురుచూశాడు. రాలేదు. మరికాస్త తిప్పాడు. ఇప్పుడొస్తుంది, ఇదిగో ఇప్పుడొస్తుంది అనుకుంటూ తిప్పాడు.

ఉన్నట్టుండి కళ్ళముందుకు ఒక చెయ్యి వచ్చి స్విచ్ నొక్కింది. తల ఎత్తాడు. తూనీగ. ఆమె వెనక నలుగురూ చెవులు మూసుకుని నిలబడ్డారు. సూపర్‌వైజర్ మొహంలో నవ్వు లేదు.

"చాలు బావా." మోతకి చెవులు దిమ్మెక్కి మాట వినబడలేదు. ఆమె పెదాల మీద చదువుకున్నాడు.

"ఎక్కడిదాకా పోయింది?" అని అడిగాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పారేమో, అతనికి వినబడలేదు.

తూనీగ పని నిలబడింది. పొడుగాయన నంబరుకి సూపర్‌వైజర్ రెండుసార్లు ఫోన్ చేయించాడు. అది వాడుకలో లేదన్నారు. ఆయన ఇల్లు ఎక్కడో షెడ్డులో ఎవరికీ తెలియదు. మేస్త్రీ రెండు సెలవుల్లో వీధులు తిరిగి అడిగాడు. ఒకచోట ఆ మనిషి ఖాళీ చేసి పోయాడన్నారు. ఎక్కడికో చెప్పలేదు.

మేస్త్రీని తీసెయ్యలేదు. ఫిల్టర్లు కడగడం, ప్లగ్గులు రుద్దడం, నైలాన్ తీగ చుట్టడం అతనికి అప్పగించారు. మంగళవారాల్లో బయటి నుంచి ఒకాయన వచ్చి, ప్లగ్ వైరుకి చిన్న డబ్బా తగిలించి, అందులో ఇంజను వేగం అంకె చూసుకుని స్క్రూ తిప్పి పోతాడు. పని బాగానే చేస్తాడు. అప్పటినుంచి ఒక్క ఇంజనూ పట్టెయ్యలేదు.

ఇప్పుడు షెడ్డులో అందరూ మేస్త్రీతో అరిచే మాట్లాడతారు. "ఫిల్టర్! మేస్త్రీ! ఫిల్టర్!" పక్కనే నిలబడి కూడా అరుస్తారు. తూనీగ కూడా అంతే. మిషన్ బల్ల మీద పెట్టి, "శుభ్రం చెయ్యి బావా!" అని కేకేసి వెళ్ళిపోతుంది. కూతురనీ, అలిగిందనీ అనదు. వేళాకోళం మాటలు అరిచి చెప్పేవి కావు.

ఓ మధ్యాహ్నం ఆమె గుమ్మం దగ్గర కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. మేస్త్రీ కడుగుతున్న ఫిల్టర్ బకెట్‌లో వదిలేసి, తనూ నవ్వు మొహం పెట్టి, "ఏమంది? ఏమంది?" అని అడిగాడు.

"ఏం లేదు మేస్త్రీ!" అని అరిచారు. "ఏం లేదు!"