గీత దాకా నిండని ట్యూబు

కరోనాకు ముందటి ఏడాది వేసవిలో నేను తెనాలిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబుకు ఇన్‌చార్జిగా ఉన్నాను. జూనియర్ టెక్నీషియన్‌గా చేరి ఆ కుర్చీ దాకా రావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. మాది బాపట్ల. రోజూ ఉదయం రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో వెళ్ళేవాణ్ణి. నా కింద నలుగురు పనిచేసేవారు. నేను చూసి సంతకం పెట్టనిదే ఏ రిపోర్టూ డాక్టరుగారి బల్ల మీదికి వెళ్ళేది కాదు. ఆ సంతకం గురించి నాకు కాస్త గర్వం ఎక్కువే ఉండేది.

రేపల్లెలో మాకొక కలెక్షన్ సెంటర్ ఉండేది. సెంటర్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక గది, రెండు కుర్చీలు, సువార్తమ్మ అనే నర్సు. ఆవిడ పొద్దున్నే రక్తం తీసి, ట్యూబులు పెట్టెలో సర్ది రేపల్లె పాసింజరులో పంపితే మధ్యాహ్నం లోపలే మా చేతికి అందేవి.

నాగరత్నం రక్తం అలాగే వచ్చేది. నిజాంపట్నం వైపు చేపలు కోసి అమ్ముకునే మనిషి, ముప్పై ఆరేళ్ళు. చిన్నప్పటి కీళ్ళజ్వరం గుండె కవాటాన్ని పాడుచేస్తే గుంటూరులో ఆపరేషన్ చేసి లోహపు వాల్వు పెట్టారు. లోహం మీద రక్తం గడ్డ కట్టకుండా జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి. మాత్ర ఎక్కువైతే లోపల రక్తస్రావం, తక్కువైతే వాల్వు మీద గడ్డ. ఎటు తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్షను ఐఎన్ఆర్ అంటాం. మాత్ర వేసుకోని మామూలు మనిషికి ఒకటి ఉంటుంది. ఆమెకు రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి.

ఈ పరీక్షకు నీలం మూత ట్యూబు వాడతాం. అందులో రక్తాన్ని గడ్డ కట్టనివ్వని సిట్రేటు ద్రవం ముందే కాస్త ఉంటుంది. తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు ద్రవం. ట్యూబు మీద గీత ఉంటుంది, రక్తం అక్కడి దాకా రావాలి. తక్కువ పడితే ద్రవం పాలు ఎక్కువై, రక్తం ఉన్నదానికంటే పలచగా ఉన్నట్టు మిషన్ చెబుతుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే ఈ పాఠం చెప్పేవాణ్ణి. తక్కువ పడిన ట్యూబును తిప్పి పంపాలని గోడకు కాగితం అంటించిందీ నేనే.

మే నెలలో ఆమె ట్యూబు సగానికి కిందే ఆగి వచ్చింది. చూశాను. తిప్పి పంపితే ఆమె మళ్ళీ రెండు ఆటోలు మారి రేపల్లె రావాలి, సువార్తమ్మ నొచ్చుకుంటుంది. మొహమాటపడి మిషన్‌లో పెట్టాను. ఆరు పాయింట్ ఒకటి వచ్చింది. డాక్టరుగారు కంగారుపడి మూడు రోజులు మాత్ర ఆపించి, ఆ తర్వాత సగం వేసుకోమన్నారు. ఆ అంకె చూసిన ఎవరైనా అదే చేస్తారు. వారం తర్వాత వచ్చిన ట్యూబూ అంతే ఉంది. ఈసారి రెండు పాయింట్ ఏడు. దారికొచ్చిందని అందరం సంతోషించాం. సగం మాత్రే కొనసాగింది.

మరో ఎనిమిది రోజులకు ఆమెను భర్త వెంకటేశ్వర్లు తెనాలి తీసుకొచ్చాడు. పడవ మీద పనిచేసే మనిషి, వేట నిషేధం కావడంతో ఇంటి దగ్గరే ఉన్నాడు. ఆమె ఆయాసంతో మాట్లాడలేకపోతోంది. అతను డాక్టరుగారితో అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది.

"దీని గుండె చప్పుడు పక్కన కూర్చుంటే వినపడేదండి, గడియారంలాగా. మూడు రోజుల నుంచి వినపట్టంలేదు సార్."

లోహపు వాల్వు మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది. ఆ చప్పుడు మూగబోయిందంటే దాని రేకు గడ్డలో ఇరుక్కుందని అనుమానించాలి. నేనే రక్తం తీసి గీత దాకా నింపాను. ఒకటి పాయింట్ రెండు. మాత్ర మొహమే చూడని మనిషికి వచ్చే అంకె. మిషన్ చెడిపోయి ఉండాలని మనసారా కోరుకున్నాను. ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ పెట్టి చూస్తే మిషన్ శుభ్రంగా ఉంది. మళ్ళీ ఆమె రక్తం కొంచెం తీసి ఇంకో నీలం ట్యూబులో సగానికి తక్కువ పోసి పెట్టాను. రెండు పాయింట్ ఆరు.

రెండు ఫలితాల కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఒకే చేతి రక్తం, అరగంట తేడాలో రెండు అంకెలు. రెండు వారాలుగా ఆమెకు మాత్ర రక్షణే లేదు. ఉందని సంతకం పెట్టింది నేను.

రెండు కాగితాలూ డాక్టరుగారి ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన వెంటనే గుంటూరుకు ఫోన్ చేసి ఆమెను అంబులెన్సు ఎక్కించారు. అక్కడ గడ్డ కరిగే మందు ఇస్తే వాల్వు తెరుచుకుంది. గడ్డలోంచి ఊడిన ముక్క మాత్రం మెదడుకు పోయి కుడి చెయ్యి పడిపోయింది. కత్తిపీట ముందు కూర్చుని బతికే మనిషికి కుడి చెయ్యి.

సువార్తమ్మను నిలదీశాను. ఆవిడ ఏడ్చింది.

"ఆమె భర్త నా చేతులు పట్టుకున్నాడు సార్. గుండె కోయించుకున్న మనిషి, ఒంట్లో రక్తమే లేదు, కొంచెమే తీయమ్మా అన్నాడు. కాదనడానికి నాకు మనసొప్పలేదండి."

మా వైపు ఆపరేషన్ అయిన ఇంట్లో రక్తమంటే అంత ప్రాణం. బీట్‌రూట్ రసాలు తాగించి పట్టించిన రక్తాన్ని మేం లాగేస్తున్నామని వాళ్ళ బాధ. ఆవిడ మీద కోపం అక్కడికక్కడే చల్లారింది, నా మీద చల్లారలేదు.

ఈ సంగతి బయట చెప్పొద్దని యాజమాన్యం సూచించింది. ఆ దంపతులు గుంటూరు నుంచి వచ్చాక నేను ఊరు వెతుక్కుంటూ వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పాను. వెంకటేశ్వర్లు, తను తక్కువ తీయమన్నందుకే ఇలా అయిందా అని అడిగాడు. అడగడంలో తప్పు లేదని, కుదరదని చెప్పాల్సింది మేమేనని, ట్యూబు కళ్ళారా చూసి కూడా ఆమెకు శ్రమ ఎందుకని నేను ఊరుకున్నానని చెప్పాను. అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటున్న నాగరత్నం నెమ్మదిగా, మాట కూడదీసుకుని అంది.

"తిప్పి పంపితే మళ్ళీ వచ్చేదాన్నిగా సార్."

రిటైరయ్యేదాకా తక్కువ పడిన ట్యూబు ఒక్కటి కూడా నా బల్ల దాటి మిషన్‌కు వెళ్ళలేదు. విసుక్కున్నవాళ్ళు ఉన్నారు, రాతి గుండె అన్నవాళ్ళూ ఉన్నారు. పడాల్సిన శ్రమ ఏమిటో చెప్పి రోగినే పడనివ్వాలి. అడగకుండా వాళ్ళ తరఫున దాన్ని తప్పించే హక్కు ల్యాబులో ఎవరికీ లేదు.