రెండు టన్నుల కొక్కెం

2012 జూన్‌లో నన్ను నారాయణగూడ యార్డుకు బదిలీ చేశారు. నగరపాలక సంస్థలో నా హోదా అసిస్టెంట్ ఇంజనీరు, మెకానికల్ విభాగం. మురుగు కాలువల్లో పూడిక తీసే బండ్లను, మోటార్లను నడిచే స్థితిలో ఉంచడం నా బాధ్యత. చిక్కడపల్లి, అశోక్‌నగర్ కూడా ఆ యార్డు కిందికే వచ్చేవి. మెకానికల్ వైపు ఆడవాళ్లు అప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. చేరిన కొద్ది రోజులకే నాకు "స్పానర్ మేడం" అని పేరు పడింది. ఏ బోల్టునైనా నా చేత్తో ఒకసారి బిగించి చూస్తేగాని వదిలేదాన్ని కాదు కనుక పేరు పెట్టినవాళ్లను తప్పు పట్టడానికి లేదు. 2014లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే ఉన్నాను. ఆ రెండేళ్లలో చేసిన పనులన్నింటిలో నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది చాలా చిన్న పని. ఒక చిన్న ట్రాక్టరు బకెట్‌కు కొక్కేలు ఎంచి బిగించడం. దాని తర్వాత ఒక మనిషి కాలు పోయింది, ఇంకో మనిషి కొలువు పోయింది.

అశోక్‌నగర్ గల్లీల్లోకి పెద్ద యంత్రాలు పోవు. పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లు, వాటి ముందు బైకులు, టిఫిన్ బండ్లు, జిరాక్స్ షాపుల బోర్డులు పోగా మిగిలిన దారిలో చిన్న ట్రాక్టరు ఒక్కటే పడుతుంది. మా ట్రాక్టరుకు ముందు రెండు ఇనుప చేతులు, వాటి చివర బకెట్ ఉండేవి. ఆయిల్ ఒత్తిడితో చేతులు లేస్తాయి, బకెట్ ముందుకూ వెనక్కూ వంగుతుంది. పూడిక ఎత్తడానికి అది చాలు. అయితే పూడిక తీయాలంటే ముందు కాలువ మీది కాంక్రీటు పలక లేపాలి. ఆ పనికి మాత్రం గడ్డపారలే దిక్కు. నేను రావడానికి ముందు ఎండాకాలంలో పలక జారి ఒక కార్మికుడి వేళ్లు నలిగాయి. అందుకే నేను చేరిన రోజే డీఈ గారు, అంటే నా పై అధికారి అయిన డిప్యూటీ ఇంజనీరు, బకెట్‌కు కొక్కేలు పెట్టించమన్నారు. గొలుసు తగిలించి పలకలను బండితోనే లేపాలని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే.

యార్డు వెల్డరు సలాకను వంచి అంటించేస్తానన్నాడు. సాయంత్రానికల్లా పని అయిపోయేది కూడా. నేను ఒప్పుకోలేదు. వంచిన సలాక బరువు పడితే నెమ్మదిగా విప్పుకుంటుంది, విప్పుకుంటున్న సంగతి ఎవరికీ చెప్పదు. రాణీగంజ్‌లో రెండు రోజులు తిరిగి, కాల్చి అచ్చులో కొట్టి తయారుచేసిన కొక్కేలు మూడు తెచ్చాను. కొక్కేలలో వెడల్పు నోటివి ఉంటాయి, ఇరుకు నోటివి ఉంటాయి. వెడల్పు నోటిలో గొలుసు జారుతుంది. ఇరుకు నోటిలో గొలుసు లింకు ఒక్కటి అడ్డంగా ఇరుక్కుని కదలకుండా నిలుస్తుంది. నేను తెచ్చినవి ఇరుకు నోటివి. ఒక్కోదాని మీద రెండు టన్నులు మోస్తుందని అచ్చు వేసి ఉంది.

మా ట్రాక్టరు చేతులు ఎత్తగలిగేది నాలుగు వందల కిలోలే. మరి అంత బలమైన కొక్కెం ఎందుకని డీఈ గారు అడిగారు. బరువు మోసే వరసలో కొక్కెం, గొలుసు, బోల్టు ఇవన్నీ యంత్రం కంటే బలంగా ఉండాలి. బరువు మించితే యంత్రం లేపలేక ఆగిపోవాలి తప్ప కొక్కెం తెగి మనిషి మీదికి ఎగరకూడదు. ఇది మా వృత్తిలో మొదట నేర్పే పాఠం, అదే చెప్పాను. ఆయన తల ఊపారు.

బిగించే చోటు గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. బకెట్ కింది అంచు గట్టి ఉక్కు, అక్కడ వెల్డింగ్ చేస్తే పగులు వస్తుంది. పైగా అది బండికి దూరం, ఎంత ముందుకు వేలాడదీస్తే బండి అంత త్వరగా ముందుకు తూలుతుంది. అందుకని పై అంచున, రెండు చేతులకు సరిగ్గా ఎదురుగా చెరొకటి, నడుమ ఒకటి పెట్టించాను. బకెట్ రేకు పలచన కాబట్టి లోపలి వైపు మందమైన ఇనుప పట్టీ వేసి, బోల్టులతో బిగించాం. బోల్టు అయితే వారానికోసారి స్పానర్ పెట్టి చూసుకోవచ్చు. చివరగా బకెట్ వీపు మీద, డ్రైవరు సీటులోంచి కనబడేలా, తెల్ల రంగుతో పెద్ద అక్షరాల్లో "400 కిలోలు" అని రాయించాను. బండ్ల మీద హద్దులు రంగుతో రాయడమే అన్ని యార్డుల్లో పద్ధతి.

ఆ రాత నచ్చని వాడు ఒక్కడే, బండి నడిపే యాదగిరి. ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనిషి. జనగామ వైపు ఊరు, చిక్కడపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని భార్యతో, ముగ్గురు పిల్లలతో ఉండేవాడు. బండిని అతను చూసుకున్నంత శ్రద్ధగా నేను నా స్కూటర్‌ను ఎన్నడూ చూసుకోలేదు.

"ఎంత లేపాల్నో నాకెర్కనే గద మేడం. మంచిగున్న బండి మీద గీ రాతలెందుకు?" అన్నాడు.

నీకు తెలుసు, నువ్వు రాని రోజు నడిపేవాడికి తెలియదు కదా అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఇంకో మాట కూడా చెప్పాను. బండికి ఎప్పుడు రంగు వేసినా కొక్కేలకు మాత్రం వేయవద్దని, ఇనుములో సన్నటి పగులు వస్తే రంగు దాన్ని కప్పేస్తుందని. ఆ మాట అతను బాగా గుర్తు పెట్టుకున్నాడు.

వానాకాలమంతా కొక్కేలు చక్కగా పనిచేశాయి. ఒక్క వేలికి కూడా దెబ్బ తగల్లేదు. డీఈ గారు మీటింగుల్లో మా యార్డు గురించి గొప్పగా చెప్పుకున్నారు, నేనూ కొంచెం పొంగాను.

దసరా వచ్చింది. ఆయుధ పూజకు యార్డులో ప్రతి బండినీ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేయడం ఏటా ఉన్నదే. యాదగిరి అంతటితో ఆగలేదు. తన డబ్బుతో పసుపు రంగు డబ్బా కొని, కిరసనాయిలుతో మట్టి, గ్రీజు వదలగొట్టి, బండి చేతులకూ బకెట్‌కూ రెండు పూతలు వేశాడు. నేను చెప్పినట్టే కొక్కేలను వదిలేసి, నూనె గుడ్డతో తుడిచి మెరిపించాడు. తెల్ల అక్షరాలు పసుపు రంగు కింద కలిసిపోయాయి. రంగు పూర్తిగా ఆరకుండా పైన తెల్లది రాస్తే కారిపోతుంది కాబట్టి పండుగ వెళ్లాక రాద్దామనుకున్నాడు. పూజ నాడు డీఈ గారు కొబ్బరికాయ కొట్టి, బకెట్ మీద చెయ్యి వేసి, "కొత్త బండి లెక్క చేసినవ్ పో యాదగిరీ" అని మెచ్చుకున్నారు. ఫోర్‌మన్, స్టోర్స్ గుమస్తా, డ్రైవర్లు, నేను అందరం ఆ బకెట్ చుట్టూనే నిలబడి పులిహోర తిన్నాం. అంకె లేదని ఒక్కరి నోటి నుంచీ రాలేదు. మరునాడు యాదగిరి సెలవు మీద ఊరికి వెళ్లాడు.

అతను రాకముందే అశోక్‌నగర్‌లో ఒక హాస్టలు ముందు కాలువ పొంగింది. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. ట్రాక్టరు నడపడం వచ్చిన సత్తయ్యను పంపారు. అతను మా యార్డులోనే టిప్పరు డ్రైవరు, యాదగిరికి దోస్తు, అతనూ కాంట్రాక్టు మనిషే. పని చూసే వర్క్ ఇన్‌స్పెక్టరు మాత్రం పర్మనెంటు ఉద్యోగి. అక్కడున్నది మామూలు పలక కాదు, బండ్లు పోవడానికి వేసిన పాతకాలం మందపు పలక. గొలుసు తగిలించి చేతులు లేపబోతే లేవలేదు. యంత్రం తన హద్దు తాను చెప్పింది. సత్తయ్య ఆగి, "లేస్తలేదు సార్, బరువెక్కువున్నట్టుంది" అన్నాడట.

ఇన్‌స్పెక్టరు మెరుస్తున్న కొక్కెం మీది అచ్చు చూపించాడు. "రెండు టన్నులని గీడ రాసి ఉండె గదనే. గిది టన్ను గుడ ఉండది. జర బకెట్ వంచి చూడు."

చేతులు ఎత్తలేని బరువును బకెట్ వెనక్కి వంగేటప్పుడు కాస్త లేపగలదు. దాని బలం వేరు. సత్తయ్య బకెట్ వంచాడు. పలక ఒక అంచు లేచింది, బండి వెనక చక్రాలు తేలికయ్యాయి. ఆ గల్లీ ఒక పక్కకు వాలుగా ఉంటుంది. పలక ఊగింది, బండి పక్కకు ఒరిగింది. సత్తయ్య ఒరిగిన వైపే దూకాడు, బండి అతని కాలి మీద పడింది. హాస్టలు మెట్ల మీద చదువుకుంటున్న పిల్లలు పుస్తకాలు పడేసి వచ్చి, ఉత్త చేతులతో బండిని లేపి అతన్ని బయటికి లాగారు. నేను వెళ్లేసరికి సర్కారు దవాఖానాకు తీసుకుపోయారు. కొక్కెం, గొలుసు, బోల్టులు చెక్కుచెదరలేదు. అవి చేయవలసిన పని అవి చేశాయి.

మోకాలి కింద కాలు తీసేశారు.

విచారణకు ముగ్గురిని వేశారు. వేరే డివిజన్ నుంచి ఒక ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఆయన కింద మా డీఈ గారు, నేను. ఈఈ గారు మొదటి రోజే ప్రశ్నను రెండు ముక్కలు చేశారు. హద్దు తెలిసీ లేపాడంటే సత్తయ్యది నిర్లక్ష్యం, అప్పుడు నష్టపరిహారం రాదు, కృత్రిమ కాలు ఖర్చూ రాదు. హద్దు కనబడలేదంటే దాన్ని చెరిపినవాడిది తప్పు. రెండింటిలో ఏదో ఒకటి తేల్చమన్నారు. ఇన్‌స్పెక్టరుకు ఒక మెమో ఇచ్చి ఆ సంగతి అక్కడితో ముగించారు.

వాంగ్మూలం తీసుకోవడానికి దవాఖానాకు నేనే వెళ్లాను. సత్తయ్య మంచం మీద కూర్చుని నా మొహం చూడకుండా మాట్లాడాడు. "నంబర్ చూసిన్ననే రాయుండ్రి మేడం. చూసి గుడ లేపిన. యాదగిరికి చిన్న చిన్న పోరలున్నరు. నాదెట్ల గుడ పోయింది." అది అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు. ఆ రోజు నేను ఏమీ రాసుకోకుండానే తిరిగి వచ్చాను.

మరునాడు యాదగిరిని పిలిచారు. ఈఈ గారి ప్రశ్న పూర్తి కాకముందే, "నేనే రంగేసిన సార్. సత్తన్నకు నంబర్ కనవడే ముచ్చటే లేదు. గట్లనే రాస్కోండ్రి" అన్నాడు. పూజ మాట ఎత్తలేదు. మెచ్చుకున్న పెద్దమనిషి తన ఎదురుగానే కూర్చుని ఉన్నా, అటు చూడను కూడా చూడలేదు. డీఈ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

నేను ఊరుకోలేదు. ఆయుధ పూజ నాడు ఆ బకెట్‌ను అధికారులతో సహా యార్డంతా చూసిందనీ, అంకె లేదని ఎవరూ అనలేదనీ, రంగు వేసినవాడొక్కడిదే తప్పు కాదనీ నివేదికలో చేర్చమన్నాను. ముందు నా పేరే రాయండి అన్నాను. ఈఈ గారు చిరాకు పడలేదు, ఓపికగానే చెప్పారు. అధికారుల పేర్లు వస్తే ఈ కమిటీ రద్దవుతుంది, ఫైలు పైకి పోతుంది, మళ్లీ కొత్తగా విచారణ. అప్పటిదాకా పరిహారం ఆగుతుంది. ఆలోచించుకుని చెప్పమన్నారు.

వరండాలో యాదగిరి నిలబడి ఉన్నాడు. లోపలి మాటలు వినబడ్డాయేమో, నన్ను పక్కకు పిలిచాడు. "మీ కాళ్లు మొక్కుత మేడం, గది రాయకుండ్రి. ఫైలు పైకి పోతే ఏండ్లకేండ్లు పడ్తది. సత్తన్నకు కాలెప్పుడు పెట్టిస్తరు? నాకు బండి నడపనీకి చేతులున్నయి, ఏడనన్న బత్కుత." నా ఉద్యోగ జీవితంలో అంత సిగ్గుపడిన క్షణం ఇంకొకటి లేదు.

లోపలికి వెళ్లి సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. యాదగిరి రంగు వేశాడు, హద్దు కప్పుకుపోయింది, ప్రమాదం జరిగింది. సత్తయ్యకు పరిహారం వచ్చింది, కాలు పెట్టించుకున్నాడు. ఏజెన్సీ జాబితాలోంచి యాదగిరి పేరు తీసేశారు. తర్వాత అతన్ని మా యార్డుల్లో ఎక్కడా పెట్టుకోలేదు. మరుసటి ఏడు ఆయుధ పూజకు కూడా డీఈ గారే కొబ్బరికాయ కొట్టారు.

వృత్తి పరంగా ఆ ఘటన నేర్పింది ఇదీ. కొక్కెం మీది అంకె కొక్కేనిది, బండిది కాదు. కాబట్టి బండి హద్దును రంగుతో రాయకూడదు, ఇనుప పలక మీద చెక్కి కొక్కెం పక్కనే బోల్టు చేయాలి. నేను పదవీ విరమణ చేసేలోపు మా యార్డులోని ప్రతి బండికీ అలా చేయించాను. ఇంకొకటి విచారణల గురించి. నన్ను సలహా అడిగే ఇంజనీర్లకు, ఎవరు చేశారని అడగడానికి ముందు, చేసినప్పుడు అక్కడ ఎవరెవరు ఉండి ఊరుకున్నారో రాసుకోమని చెబుతాను. నేను అది రాయలేదు. రాయవద్దని నన్ను బతిమాలింది ఆ నివేదికతో కొలువు పోగొట్టుకున్న మనిషే.