మొగిలివలసకో టిక్కెట్టు

కలకత్తా భవానీపూర్‌లో మా మేడ కింద రోడ్డుకి తారు వేసే రోజున ఇంట్లో అందరూ కిటికీలు మూస్తుంటే నేను మాత్రం నా గది కిటికీ తెరుచుకుని కూర్చుంటాను. చిన్నప్పుడు మా ఊరి స్టేషనులో ఎండకి కాగిన రైలు పట్టాల కింద చెక్క దుంగలు అచ్చం అలాగే వాసన వేసేవి.

మేం అప్పట్లో వాట్‌గంజ్‌లో ఉండేవాళ్లం. నాన్న కార్పొరేషన్‌లో నీటి గొట్టాల పని చేసేవాడు. ఆయన పుట్టింది శ్రీకాకుళం జిల్లా మొగిలివలసలో. అక్కడ మెయిలు ఆగదు, పలాసలో దిగి పాసింజరు ఎక్కాలి. స్టేషనంటే ఒక గది, ఒక వేపచెట్టు, గంటకి బదులు వేలాడదీసిన పట్టా ముక్క, అంతే. అయినా తొమ్మిదేళ్ల నాకది తరగని వింత. తేదీ గుద్దే ఇనప యంత్రం అంత చప్పుడెందుకు చేస్తుంది, పక్క స్టేషనుతో ఫోనులో ఏం చెబితే సిగ్నలు చెయ్యి వాలుతుంది, పార్సిలు బుట్టలో కోళ్లకి కూడా చీటీ ఎందుకు కడతారు అని అడిగి అడిగి స్టేషను మాస్టారి ప్రాణం తీసేదాన్ని. బొగ్గు ఇంజన్లకి నీళ్లు పట్టడానికి నుయ్యి తవ్వారనీ, ఆ నూతి వల్లే స్టేషను వెలిసిందనీ ఆయనే చెప్పాడు. ఆ తవ్విన కూలీల్లో మా మామ్మ వాళ్ల అయ్య, అంటే మా నాన్నకి తాత, ఒకడు.

మాతోనే ఉండే మామ్మకి చదువు రాదు. అయినా ఒక వేసవిలో ఊరికి బయల్దేరుతుంటే, ఎప్పట్లా పలాసకి టిక్కెట్టు వద్దని, మన ఊరి పేరుతోనే కావాలని పట్టుబట్టింది. ఎర్రజెండాల ఊరేగింపు పోయేదాకా బస్సులో ఉక్కపోసి హౌరా చేరితే, ఆ పేరుతో స్టేషనే లేదన్నాడు కౌంటరులో గుమాస్తా.

“ఏటి నేదు దాదా? ఆ టేసను నుయ్యి మా అయ్య తవ్వినాడు. నుయ్యుంటే టేసనుండదా?” అంది మామ్మ.

నాన్న సిగ్గుపడుతూనే ఆ మాటే బెంగాలీలో చెప్పాడు. గుమాస్తా నవ్వి, లావుపాటి పుస్తకం తిరగేసి, అచ్చు టిక్కెట్టు లేదు కాబట్టి కాగితం మీద చేత్తో రాసిచ్చాడు. దారి పొడుగునా మామ్మ ఆ కాగితం నాచేత చదివించుకుని మురిసిపోయింది.

మొగిలివలసలో దిగాక మాస్టారు టిక్కెట్లకి చెయ్యి చాచాడు. మామ్మ ఇవ్వనంది.

“ఇది పై ఆఫీసుకి పంపాలి మామ్మా. ఇక్కడెవరూ ఎక్కట్లేదు, దిగట్లేదనుకుంటే స్టేషనెత్తేస్తారు,” అన్నాడాయన.

ఆ మాట విని కొంగుముడి విప్పి కాగితం ఆయన చేతిలో పెట్టింది. మర్నాటి నుంచి పొద్దున్నే వెళ్లి పక్క స్టేషనుకి టిక్కెట్టు కొనడం, వచ్చిన రైలుని ఎక్కకుండా సాగనంపి ఇంటికొచ్చేయడం.

“ఎక్కనప్పుడు టిక్కెట్టేటికే మామ్మా?” అన్నాను.

“నానెక్కెల్లిపోతే మీకు కూడెవులొండుతారే? టేసను నిలవాల గానీ.”

ఎంత నవ్వానో! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ తర్వాత ఊరికి వెళ్లిన ప్రతి వేసవీ, కాళ్లు ఆడినన్నాళ్లూ, ఆవిడ అలాగే కొంది.

కిందటేడు కారులో వెళ్లి చూశాను. రైళ్లు ఆగడం మానేసి చాలా ఏళ్లయిందట. టిక్కెట్ల కిటికీకి ఇటుకలు పేర్చి సున్నం కొట్టేశారు. నుయ్యి పూడ్చేశారు. ఎక్స్‌ప్రెస్సొకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. మామ్మ కొన్న టిక్కెట్లు చాలలేదు.