ఉప్పు చూసే మనిషి

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో క్యాంటీన్ వంట మాస్టర్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. బొద్దన్న అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆయన ఏమీ అనుకోడు, అంటే అనుకోనట్టు ఉంటాడు. వంటగది గుమ్మంలోంచి పక్కకు తిరిగి దూరుతూ "జరగండర్రా, లారీ వస్తోంది" అని తనే ముందు అనేస్తాడు. అందరూ నవ్వుతారు. ఎదుటివాడు నవ్వేలోపు మనమే నవ్వించేస్తే సగం పరువైనా మిగులుతుందని ఆయన ఉద్దేశం. ఎక్కడ మిగులుతుంది? ఇంటికొచ్చి చొక్కా విప్పేటప్పుడు ఆ నవ్వులన్నీ మళ్ళీ చెవుల్లో పడతాయి.

బూట్ల సంగతి ఇంకా ఘోరం. వంగి లేసులు కట్టుకోవడం ఆయన వల్ల కాదు. పొద్దున్నే గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటే భార్య కింద కూర్చుని కడుతుంది. పైఅంతస్తు వాళ్ళు మెట్లు దిగుతూ చూసీ చూడనట్టు పోతారు. అప్పుడాయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మోకాళ్ళు అరిగాయి, షుగర్ వచ్చింది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ ఒక్కటే దారన్నాడు డాక్టరు. అయితే దానికి ముందు తిండి పద్ధతి మారాలి, కాస్తయినా బరువు తగ్గాలి, కాలేయానికి పట్టిన కొవ్వు కరగాలి. అప్పుడే డేట్ ఇస్తాను, లేకపోతే లేదు అని ఖరాఖండిగా చెప్పేశాడు.

ఇక చూడండి, భార్య నడుం బిగించింది. ఇంట్లో పెద్ద కంచాలు అటకెక్కాయి, చిన్నపిల్లలు తినేంత కంచాలు దిగాయి. చక్కెర డబ్బా పొరుగింటికి పోయింది. తెల్లవారకముందే ఆయన్ని లేపి వీధి చివరి దాకా నడిపించేది. ఆయన రొప్పుతూ స్తంభం పట్టుకుని నిలబడితే, తనకే కాలు నొప్పెట్టినట్టు తానూ ఆగేది. పైగా ఆయన తినేదే తనూ తినేది. "మీ ఎదురుగా కూర్చుని నేను వేరేది తింటే మీకు నోరూరదూ?" అంది. ఉడకబెట్టిన కూరగాయలు, నమిలి నమిలి దవడలు పీకేదాకా ఇద్దరూ తిన్నారు. పాపం, ఆవిడకు ఏ జబ్బూ లేదు.

నెల తిరిగేసరికి ఆవిడ బట్టలు వదులయ్యాయి. ఆయన బరువు పెరిగింది.

ఆస్పత్రిలో డైటీషియన్ అమ్మాయి నమ్మలేక ఆయన్ని తూకం మీంచి దింపి మళ్ళీ ఎక్కించింది. ముల్లు ఎక్కడికి పోతుంది, అక్కడే ఆగింది. "ఇంట్లో తెలియకుండా ఏమైనా..." అని ఆ అమ్మాయి నసిగిందో లేదో, భార్యకు ఎక్కడలేని రోషం పొడుచుకొచ్చింది.

"నా కళ్ళెదురుగా తింటారమ్మా ఆయన. చెప్పినదానికంటే ఒక్క ముద్ద ఎక్కువ ముట్టలేదు. కావాలంటే ఒట్టేసి చెప్తాను. అబద్ధమాడే మనిషి కాదు మా ఆయన."

బొద్దన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"సరే, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మీరే చెప్పండి" అంది ఆ అమ్మాయి.

చెప్పాడు. చక్కెర లేని టీ. ఒక గుడ్డు. తర్వాత డ్యూటీ.

"క్యాంటీన్లో ఏం తింటారు?"

"ఏమీ తినను. ఉప్పు చూస్తాను, అంతే."

"ఎలా చూస్తారు?"

ఇదేం ప్రశ్న అనుకున్నాడు. వండేవాడు ఉప్పు చూడడా? కూర తిన్నాను అంటే తిన్నట్టు, ఉప్పు చూశాను అంటే చూసినట్టు. ఇన్నేళ్ళూ ఆ మాట వెనకే హాయిగా కాపురమున్నాడు మహానుభావుడు. అందుకే ధైర్యంగా చెయ్యి చూపించాడు. ఎడమ అరచేయి గిన్నె పట్టుకున్నట్టు వంగింది.

"ఒట్టి కూరలో ఉప్పు తెలియదు కదమ్మా, కాస్త అన్నం కలుపుతాను."

"ప్రతి కూరకీనా?"

"ప్రతిదానికీ. దించేముందోసారి, చల్లారాకోసారి." చెప్తూండగానే ఆయన గొంతు తగ్గిపోయింది. చెయ్యి మాత్రం ఇంకా గాల్లో గిన్నె పట్టుకునే ఉంది. గబుక్కున జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "రేపట్నుంచి ఉప్పు ఇంకెవరితోనైనా చూపించండి" అంది. ఆపరేషన్ సంగతి వచ్చే నెల చూద్దామన్నాడు డాక్టరు. బస్సులో భార్య ఆయన మోచేతి మీద చెయ్యేసి, "పోనివ్వండి, తెలియక చేశారు. పనే అలాంటిది, మీరేం చేస్తారు?" అంది. ఆయనకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

మర్నాడు కూర దించే వేళకు గిన్నెలు కడిగే ఆవిడను పిలిచాడు. అందరికీ గిన్నెలక్క ఆవిడ. "అక్కా, కాస్త ఉప్పు చూసిపెట్టు" అన్నాడు. ఆ మాట అనడానికే ఆయన ప్రాణం చచ్చిపోయింది. వంట మాస్టర్ ఉప్పు చూడమని ఇంకొకరిని అడుక్కోవడమేంటి? గిన్నెలక్క అవేం పట్టించుకోలేదు. తడిచెయ్యి తుడుచుకుంది, గరిటె చివర్నుంచి అరచేతిలో ఓ చుక్క వేసుకుంది, నాలుకకు తగిలించింది. "సరిపోయింది" అని వెళ్ళిపోయింది.

అంతే. అయిపోయింది.

బొద్దన్న గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇది ఆయనకు తెలియదా ఏంటి? కొత్తగా చేరిన వంటవాళ్ళను "ఉప్పు చూడమంటే భోంచేస్తున్నావేంట్రా, చుక్క చాలు" అని తిట్టింది ఎవరు? పోనీ ఇంకో సంగతి. ఉప్పు చూసేవాడు పొయ్యి దగ్గర నిలబడి చూస్తాడు గానీ, గిన్నె పట్టుకుని స్టోర్ గదిలో బియ్యం బస్తాల వెనక్కి వెళ్ళి చూస్తాడా? అదీ గోడవైపు తిరిగి? సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. వంటగదిలో ఎవరూ ఆయనవైపు చూడటం లేదు, అయినా కాలిపోయాయి.

సాయంత్రం భార్య దోసకాయలు తరుగుతోంది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జోకొకటి నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

"తెలియక కాదు" అన్నాడు.

"ఏంటండీ?"

"ఉప్పు కాదు. ఆకలి. ఇక్కడ నీతో పాటు చిన్న కంచంలో తిని, అక్కడికెళ్ళి కడుపు నింపుకున్నాను. బస్తాల చాటున. రోజూ."

ఆవిడ కత్తి కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాడు, అరిస్తే బాగుండనుకున్నాడు. తరిగిన ముక్కలను ఒక పక్కకు జరిపింది.

"తింటే తిన్నారు. ఆకలేస్తే ఎవరైనా తింటారు" అంది. "ఆ అమ్మాయి ముందు నేను ఒట్టేస్తుంటే ఎందుకు ఊరుకున్నారు?"



ఆవిడ లేచి రెండు కంచాల్లోనూ సమంగా వడ్డించింది. తన కంచం తన ముందు, ఆయన కంచం ఆయన ముందు పెట్టింది. "వచ్చే నెల ఆస్పత్రిలో ఆ అమ్మాయి గదిలోకి నేను రాను. మీరే వెళ్ళి మీరే చెప్పుకోండి" అంది.

"చెప్తాను" అన్నాడు.

నమ్మావా అని అడుగుదామనుకున్నాడు గానీ, ముఖం చెల్లలేదు.