వెనక గోడ మీది ఊరు

మా బడిలో యూ బీషియా టీచర్ గొంతు అందరికంటే పెద్దది. పక్క గదిలో ఆవిడ మూడో తరగతికి ఎక్కాలు చెబుతుంటే, నా నాలుగో తరగతి పిల్లలు తెలీకుండానే పెదాలు కదిపేవారు. అలాంటి మనిషి అక్టోబరులో ఒక మధ్యాహ్నం నా ఎదురుగా కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, "ఆ పెయిరూతో నావల్ల కావట్లేదు" అంది నీరసంగా.

జియెన్ పెయిరూకి తొమ్మిదేళ్లు. పది లెక్కలిస్తే, మిగతావాళ్లు మూడో లెక్కలో ఉండగానే ముగించేది. ఇక ఆ చేతులు ఊరుకునేవి కావు. ముందు కూర్చున్న పిల్ల జడ కుర్చీకి కట్టేది. ఒకసారి తన వాన బూటులో నీళ్లు పోసి కాగితప్పడవ వదిలింది. టీచర్ ఇంకో పది లెక్కలిచ్చి కూర్చోబెట్టింది. వారం రోజులు బాగానే జరిగింది. తరవాత ఏమైందో, పెయిరూ గంట కొట్టేదాకా అదే పేజీ మీద వంగి ఉండటం మొదలుపెట్టింది.

అనుమానమొచ్చి టీచర్ ఆ పిల్ల నోటుపుస్తకం తిరగేస్తే, చివరి పేజీలో ఎప్పుడో చేసి దాచిన జవాబులన్నీ వరసగా ఉన్నాయి.

"ఏమే, ఎప్పుడో అయిపోతే చెప్పవేం?"

"చెబితే ఇంకో పేజీ ఇస్తారుగా టీచర్! నా పక్కన కూర్చునే యావెన్‌కి ఒకటే పేజీ. నాకు రెండు. తొందరగా చెయ్యడం నా తప్పా?"

తరగతంతా ఘొల్లుమంది. టీచరూ నవ్వేసింది. సాయంత్రం నాకు ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ మొహంలో నవ్వు లేదు. "బాగా చేసిన పిల్లకి శిక్ష వేస్తున్నానన్నమాట ఇన్నాళ్లూ" అంది.

మర్నాడు నాలుగు పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి అతికించి, తరగతి వెనక గోడకి తగిలించింది. మధ్యలో బడి, ఓ మూల రైల్వే స్టేషను గీసి వదిలేసింది.

"పని ముగించి, నాకు చూపించినవాళ్లు వెళ్లి మన ఊరు గీయొచ్చు. గోల చెయ్యకూడదు. కళ్లారా చూసిందే గీయాలి. విన్నవీ ఊహించినవీ పనికిరావు."

మా ఊరు యీలాన్‌లో చలికాలమంటే వానే. పెయిరూ బడికొచ్చే దారిలో నీళ్లు నిలిచే గుంటలన్నీ నీలిరంగుతో గీయసాగింది. కాలు పెట్టి లోతు చూసి మరీ వచ్చేది. మడమ మునిగితే చిన్న చుక్క, బూటులోకి నీళ్లొస్తే పెద్ద చుక్క. వాళ్లమ్మకి రోజూ తడి మేజోళ్లు ఆరబెట్టడంతోనే సరిపోయేది.

ఒకరోజు ఆ పిల్ల గోడ మీద సంత వీధి కొట్లు గీస్తుంటే, ఇంకా లెక్కల్లోనే ఉన్న యావెన్ వెనక్కి తిరిగి చూసింది.

"అది తప్పు. టోఫూ కొట్టు పక్కన చేపలామె కాదు, అల్లం అమ్మే తాత."

"నీకెలా తెలుసు?"

"మా నాయనమ్మ ఉల్లికాడల రొట్టెలు కాల్చేది అక్కడేగా!"

"అయితే వచ్చి నువ్వే గియ్యి."

"ఎలా వస్తా? ఇంకా ఆరు లెక్కలున్నాయి" అని యావెన్ మళ్లీ పుస్తకంలో తల దూర్చింది.

టీచర్ ఇద్దర్నీ కేకలెయ్యబోయి ఆగిపోయింది. నిదానంగా చేసే పిల్లలు ఏనాటికీ ఆ గోడ దాకా రాలేరని ఆవిడకి అప్పుడే తట్టింది. ఆ వారం నుంచి శుక్రవారం చివరి గంట అందరిదీ చేసింది, లెక్కలు అయినా కాకున్నా. మొదటి శుక్రవారమే యావెన్ సంత వీధినంతా తల ఎత్తకుండా నింపేసింది. పెయిరూ పక్కన నిలబడి పెన్సిళ్లు చెక్కి ఇచ్చింది.

మార్చిలో తల్లిదండ్రుల సమావేశానికి మా వార్డు పెద్ద కూడా వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఉపన్యాసాలు వదిలేసి ఆ పటం ముందే నిలబడిపోయాడు.

"ఈ నీలం చుక్కలేంటమ్మాయ్?"

"వాన గుంటలు తాతా. అన్నీ నేనే దిగి చూశా" అంది పెయిరూ.

ఆయన వేలితో చుక్కలు కలుపుకుంటూ పోయాడు. సంత వెనకనుంచి స్టేషను దాకా అన్నీ ఒకే వరస.

"ఓరి నాయనో! ఇక్కడ కాలవ ఉండేది. చిన్నప్పుడు రొయ్యలు పట్టేవాళ్లం. పైన సిమెంటు పలకలు కప్పేశాక అందరం మర్చేపోయాం. ఎక్కడో పూడుకుపోయుంటుంది!"

పది రోజుల్లో పనివాళ్లు పలకలెత్తి, బండెడు బురదా, చెట్టు వేళ్లూ లాగిపడేశారు. ఆ తరవాతి వానకి సంత వీధిలో నీళ్లు నిలవలేదు. యావెన్ నాయనమ్మ పెద్ద బుట్టెడు వేడి రొట్టెలు మోసుకుని తరగతికొచ్చింది. అందరూ సంబరపడుతుంటే పెయిరూ ఒక్కతే మూతి ముడుచుకుంది.

"నా గుంటలన్నీ పోయాయి టీచర్! ఇప్పుడు పటమంతా తప్పేగా!"

"తప్పే మరి. ఏం చేద్దాం?"

యావెన్ నోటినిండా రొట్టెతోనే అంది: "కొత్త కాగితం అంటిద్దాం. ఈసారి మా నాయనమ్మ పొయ్యి కూడా గీస్తా. పోయినసారి చోటు చాల్లేదు."

పెయిరూ జిడ్డు చేతులు గౌనుకి తుడుచుకుని, జిగురు డబ్బా కోసం పరిగెత్తింది.